ఇటుక మూతికి చిక్కం

సోమవారం తెల్లవారగానే టేపక్క కొలిచింది. నూట తొంభై ఒకటి. నమ్మబుద్ధి కాక టేపు తీసి, మెలిక పడకుండా సరిచేసి, గుర్రం ఊపిరి వదిలేదాకా ఆగి మళ్ళీ చుట్టింది. మళ్ళీ నూట తొంభై ఒకటే. కిందటి సోమవారం నూట ఎనభై తొమ్మిది. అంతకు ముందు వారం నూట ఎనభై ఏడు. రెండు వారాల్లో ఛాతీ చుట్టూ నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. మనిషి నడుమైతే కుట్లు విప్పి బట్ట వదులు చేసుకోవచ్చు. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. దాని కొవ్వు చివరికి పోయి కాళ్ళమీద పడుతుంది.

గుర్రం పేరు ఇటుక. ఒంటి రంగు అదే కాబట్టి ఎవరో అలా పిలిచారు, అదే నిలిచిపోయింది. పద్దెనిమిదేళ్ళ ఆడగుర్రం. ఊరి చివరి రైడింగ్ స్కూల్లో కొన్ని వందల మంది పిల్లలు దాని వీపు మీదే మొదటిసారి భయపడ్డారు, దాని వీపు మీదే భయం వదిలించుకున్నారు. రెండేళ్ళ కిందట దానికి గిట్టల వాపు వచ్చింది. గిట్టకీ లోపలి ఎముకకీ మధ్య పట్టుగా ఉండే పలచటి పొర వాచింది. గట్టి గిట్ట లోపల వాపుకు చోటెక్కడిది? గోరు కింద ముల్లు దిగిన నొప్పిని నాలుగు కాళ్ళకూ పంచి, ఆ కాళ్ళమీదే ఐదు వందల కిలోలు నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది దాని పని. అప్పుడు బతికించిన పశువుల డాక్టరు వెళ్ళబోతూ టేపక్కతో ఒకే మాట అంది. మళ్ళీ ఒళ్ళు పెరిగి ఇంకోసారి ఈ వాపు వచ్చి ఎముక బాగా తిరిగిపోతే, తనను పిలవాల్సింది ఆఖరి సూది వెయ్యడానికేనని.

ఆ రోజునుంచి ఇటుక బతుకంతా టేపక్క చేతిలో గడియారంలా నడిచింది. తెల్లవారుజామున మేత, ఎనిమిదింటిదాకా, మూతికి ఏ అడ్డూ లేకుండా. ఎందుకంటే ఎండ తగిలేకొద్దీ గడ్డి తనలో చక్కెర చేసుకుంటుంది, సాయంత్రానికి పచ్చిక మొత్తం తీపి పాకం. పొద్దునపూటే అది కాస్త చప్పగా ఉండేది. ఎనిమిది దాటితే మూతికి చిక్కం. నైలాను పట్టీలతో అల్లిన బుట్ట, అడుగున బొటనవేలు పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి గడ్డిపోచలు నాలుగేసి వస్తాయి. గుర్రం తోటి గుర్రాలతో మైదానంలోనే తిరుగుతుంది, తల దించుతుంది, మేస్తున్నాననుకుంటుంది, కడుపు మాత్రం పట్టదు. మధ్యాహ్నం గంటసేపు నీళ్ళలో నానబెట్టి పిండిన ఎండుగడ్డి. సాయంత్రం నలభై నిమిషాలు వ్యాయామం, సగం నడక, సగం ట్రాట్ అనే చిన్న పరుగు. దీనిలో ఏ ఒక్కటి తప్పినా సోమవారం టేపు చెప్పేస్తుంది.

ఇప్పుడు చెప్పింది. టేపక్క తిన్నగా దాణా గదికి నడిచింది.

దాణా గదిలో పనిచేసేవాణ్ణి అందరూ గంప అంటారు. ఎప్పుడూ నెత్తిన ఏదో ఒకటి మోస్తూ కనిపిస్తాడు, పైగా పొట్ట కూడా గంపంత. నువ్వు దానికి తవుడు పెడుతున్నావా, ఓట్స్ పెడుతున్నావా, నిజం చెప్పు అని టేపక్క నిలదీసింది. వాడు ముందు బిత్తరపోయాడు, తరవాత నవ్వాడు.

"అక్కా, దానికి రావాల్సింది కూడా తగ్గించి నేనే తింటున్నా. కావాలంటే ఆ టేపు ఇటు తే, నన్ను కొలుచుకో."

టేపక్కకు నవ్వు రాలేదు. వాడికి నాలుగు అక్షింతలు వేసి బయటికొచ్చింది. ఆ తరవాత మూడు రోజులపాటు వాడు ఆమెను చూసి పక్క దారిన పోయాడు. వాడి తప్పు లేదని తెలిశాక కూడా ఆమె వాడికి ఆ మాట చెప్పలేదు. క్షమాపణ అడగడం ఆమెకు చేతనైన విద్య కాదు. చేతనైన విద్యలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది కుట్టు. పదహారో ఏటనుంచి ఇరవై తొమ్మిదో ఏటిదాకా ఆమె ఒక టైలరు షాపులో పనిచేసింది. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే భుజం కొలత, నడుం కొలత చూపులోనే తేల్చేసేది. టైలరు షాపు మూతపడ్డ ఏడాది రైడింగ్ స్కూలుకి జీనుల కింద వేసే దళసరి గుడ్డలు కుట్టడానికి పిలిచారు. వారం రోజుల పని. కుట్టడానికి గుర్రాల వీపులు కొలవాల్సి వచ్చింది. కొలవడానికి వాటి దగ్గర నిలబడాల్సి వచ్చింది. వారం కాస్తా ఇరవై మూడేళ్ళయింది. మెడలో వేసుకున్న టేపు మాత్రం తియ్యలేదు, పేరు అలాగే వచ్చింది. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ ఆమెను సొంత పేరుతో పిలవరు. ఇంట్లోవాళ్ళు కూడా ఈమధ్య మర్చిపోతున్నారు.

రెండో విద్య ఆమెకు ఒక చావు నేర్పింది. చేరిన మూడో ఏడు గుర్రపుశాలలో ఒక తెల్ల గుర్రం ఉండేది, ముసలిది, నెమ్మదస్తురాలు. టేపక్క రోజూ ఇంట్లో మిగిలిన రొట్టె ముక్కలు, పళ్ళ తొక్కలు, అడుగున మిగిలిన చక్కెర పొట్లం తెచ్చి పెట్టేది. గుర్రం గేటు దగ్గర ఎదురుచూసేది, సకిలించేది. తనకోసం ఒక ప్రాణి సకిలిస్తుంటే మనిషికి ఎంత గర్వంగా ఉంటుందో ఆమెకు తెలుసు. మెడ మీద కొవ్వు గట్టు కట్టి, పట్టుకుంటే రాయిలా తగులుతుంటే ఎంత బలంగా ఉందో అనుకుంది. అందరూ అదే అనుకున్నారు. ఆ గుర్రం గిట్టలు వాచి పన్నెండు రోజులు పడుకుని లేవకుండా పోయింది. ఎందుకు పోయిందో డాక్టరు చెబుతున్నప్పుడు టేపక్క వెనకాల నిలబడి వింది. రొట్టెలు నేనే పెట్టానని ఆ రోజు చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు. అప్పటినుంచి శాలలో ఎవరి చేతిలో తినుబండారం కనిపించినా ఆమె ఒళ్ళు మండుతుంది.

నాలుగో రోజు ఆమెకు దొంగ దొరికింది. పట్టించింది చిక్కం పట్టీ. టేపక్క ఎప్పుడూ దాన్ని మూడో కంత దగ్గర బిగిస్తుంది. పద్ధతి మార్చడం ఆమె ఒంట్లో లేదు. బుధవారం సాయంత్రం వ్యాయామానికి గుర్రాన్ని తీసుకురాబోతే బకిలు రెండో కంతలో ఉంది. మొన్నా నిన్నా కూడా అలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు మూడు గంటలకు మైదానం పక్కన జీనుల గదిలో కిటికీ వెనక నిలబడింది.

మూడుంపావుకు బ్యాంకు మేడం వచ్చింది. ఒకప్పుడు బ్యాంకులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. మనవరాలికి గుర్రపు స్వారీ నేర్పించడానికి తీసుకొచ్చింది. మనవరాలు మూడు నెలలకే విసుగెత్తి మానేసింది, నాయనమ్మ మానలేదు. గుర్రాల నేస్తాలు అని ఒక బృందం కూడగట్టింది. పది పన్నెండు మంది, అందరూ తీరిక ఉన్నవాళ్ళు, అందరూ మెత్తగా మాట్లాడేవాళ్ళు. మేడం చిక్కం విప్పింది, గుడ్డ సంచిలోంచి క్యారెట్లు తీసి ఒక్కొక్కటీ పెట్టింది, ఆపిల్ ముక్కలు పెట్టింది. తరవాత బెంచీమీద కూర్చుని, ఎండలో పండిన పచ్చిక నడుమ ఇటుక తల ఎత్తకుండా మేస్తుంటే గుడిలో కూర్చున్నంత ప్రశాంతంగా చూసింది. నాలుగుంపావుకు లేచి చిక్కం కట్టబోయింది. అప్పటిదాకా టేపక్క ఎలా ఆగిందో ఆమెకే తెలియదు. ఎన్నాళ్ళుగా, ఎంతసేపు, ఎన్ని అని లెక్క తేల్చుకోవడానికి ఆగానని తరవాత చెప్పుకుంది.

"ఆ చిక్కం ఎందుకు తీశారు మేడం?"

మేడం ఉలిక్కిపడలేదు. దొంగతనం చేస్తున్నానన్న ఊహ ఆమెకు ఏ కోశానా లేదు. "నువ్వా అమ్మా. చూడు పాపం, ఎలా తింటోందో. ఎన్నాళ్ళ ఆకలో."

"అది ఆకలి కాదండీ. గుర్రానికి చాలు అనేది తెలీదు. పెట్టేవాళ్ళకి తెలియాలి."

"పచ్చిక మధ్య నిలబెట్టి మూతికి బుట్ట కట్టడానికి నీకు మనసెలా ఒప్పిందమ్మా? నోరులేని జీవి."

"నోరుంది కాబట్టేగా కట్టాను."

నోరులేని జీవి అన్న మాట విచిత్రమైనది. అది ఎవరి నోటినుంచి వచ్చినా ఎదుటివాడు వెంటనే కసాయివాడైపోతాడు. టేపక్క చక్కెర గురించి చెప్పింది, రెండేళ్ళ కిందటి వాపు గురించి చెప్పింది, నాలుగు సెంటీమీటర్ల గురించి చెప్పింది. మేడం అంతా సానుభూతిగా విని, నీ బాధ్యత నీది, కాదనను, కానీ ప్రేమ కూడా ఒక మందే కదా అంది. టేపక్క సంచి లాక్కుని మిగిలిన క్యారెట్లు కంచె అవతలికి విసిరేసింది.

ఆ సాయంత్రమే మాస్టారు పిలిపించారు. స్కూలు ఆయనదే. డెబ్బై ఏళ్ళు, నిటారు మనిషి, పొగరుబోతు గుర్రాన్ని ఒక్క మాటతో నిలబెట్టగలరు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు వెన్నెముక ఉందో లేదో అనుమానం. గోడనిండా పాత కప్పులు, రిబ్బన్లు. బల్లకు అటు ఆయన, ఇటు బ్యాంకు మేడం, ఆమె పక్కన నేస్తాల్లో ఇద్దరు. టేపక్కకు కుర్చీ వెయ్యలేదు.

మాస్టారు గొంతు సవరించుకుని చెప్పిన సారాంశం ఇది. ఇటుకకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇంతకాలం చాకిరీ చేసింది. నేస్తాలందరూ దానికి గౌరవంగా విశ్రాంతి ఇవ్వాలని అడుగుతున్నారు. శనివారం చిన్న సభ. ఆ తరవాత ఇక స్వారీ లేదు, తాడు కట్టి తిప్పడం లేదు, చిక్కం లేదు. వెనక మైదానం దానికే వదిలేద్దాం. వానలకు బాగా ఎదిగి ఉంది పచ్చిక, హాయిగా తింటుంది.

వెనక మైదానంలో గడ్డి మోకాలి ఎత్తుంది. టేపక్క అందరినీ ఒకసారి కలియజూసింది. వీళ్ళు ఒక ప్రాణికి బహుమానం ఇస్తున్నామనుకుంటూ దాన్ని చంపడానికి తేదీ కూడా ఖరారు చేశారు.

"మాస్టారూ, మీకు తెలుసు. వాళ్ళకి తెలీదు, సరే. మీకు తెలుసు కదా."

మాస్టారు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. "అన్నీ అంత బిగించి చూడకు టేపమ్మా. వయసొచ్చింది. తిననివ్వరాదా."

"వయసొస్తే తిననిచ్చి చంపుతారా?"

మేడం కళ్ళు తుడుచుకుంది. ఇంత కాఠిన్యం ఎక్కడినుంచి వచ్చిందో అని పక్కావిడ నిట్టూర్చింది. టేపక్క మెడలోంచి టేపు తీసి బల్ల మీద పడేసింది. ఇక మీరే కొలుచుకోండి, మీరే కట్టుకోండి అని చెప్పి, గుమ్మం దాటి, సైకిలు తీసి ఇంటికి వెళ్ళిపోయింది. ఇరవై మూడేళ్ళలో ఆమె చెప్పకుండా పని మానడం అదే మొదటిసారి. తను లేకపోతే ఏమవుతుందో వాళ్ళకు రెండు రోజుల్లో తెలిసొస్తుందని, కాళ్ళ బేరానికి వస్తారని అనుకుంది. గట్టిగానే అనుకుంది.

శుక్రవారం ఇంట్లో కూర్చుంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, వాళ్ళ భవనంలో మాత్రం లిఫ్టు లేదు. వంటింటి కిటికీలోంచి ఎదుటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఆ రోజు ఆమె మూడుసార్లు గిన్నెలు కడిగింది. భర్త పొట్టమీద చెయ్యి వేసుకుని, ఇవాళ ఇంట్లోనే ఉన్నావు కదా, తీరిగ్గా నన్ను కొలవరాదూ అన్నాడు. ఆమె చూసిన చూపుకి టిఫిను డబ్బా కూడా మరిచిపోయి పనికి పోయాడు.

శనివారం సభ జరిగిందని, గురువారం రాత్రినుంచే గుర్రం చిక్కం లేకుండా వెనక మైదానంలో ఉందని, ఎవరో వచనంలో కవిత్వం చదివారని, ఇటుకను అందరూ తడిమారని, గేటుకు 'విశ్రాంతి నిలయం' అని బోర్డు తగిలించారని గంప ఫోను చేసి చెప్పాడు. టేపక్క అడగకముందే, తనను ఆ గేటు దాటి లోపలికి రానివ్వడం లేదని కూడా చెప్పాడు. నువ్వు వచ్చెయ్యి అక్కా అన్నాడు. పిలవాల్సినవాళ్ళు పిలవనీ అంది టేపక్క.

ఆదివారం కూడా ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం ఆమె అత్తగారికి జడ అల్లుతోంది. డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలావిడ, మోకాళ్ళు కదలవు, నాలుకకు మాత్రం ఏ జబ్బూ లేదు. కోడలు దువ్వెన లాగుతున్న తీరుకు తల రెండుసార్లు వెనక్కి పోయింది. మూడోసారి దువ్వెన పట్టుకుని ఆపింది.

"అలిగావు, సరే. ఎవరిమీద?"

"వాళ్ళందరిమీద అత్తయ్యా."

"వాళ్ళకి తెలిసిందా?"

"తెలీకేం."

"గుర్రానికి?"

టేపక్క జడ సగంలో వదిలేసింది. చెప్పులు వేసుకుందో లేదో కూడా చూసుకోకుండా మెట్లు దిగింది. సైకిలు మీద ఇరవై ఐదు నిమిషాల దారి. మూడు రోజులు. రోజుకు ఇరవై గంటలపైన మేత, మోకాలి ఎత్తు తీపి గడ్డి, ఒక్క అడుగు వ్యాయామం లేదు. వాళ్ళకు బుద్ధి చెప్పాలని తను తాళం వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చింది. దారి పొడుగునా ఆమె తిట్టుకున్న తిట్లన్నీ మొదట మాస్టారిమీద, తరవాత మేడంమీద మొదలై, స్కూలు దగ్గరపడేసరికి తన మీదికే వచ్చి ఆగాయి.

వెనక మైదానం మధ్యలో ఇటుక నిలబడి ఉంది. దూరంనుంచే తెలిసిపోయింది. ముందు కాళ్ళు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, కింద నేల కాలిపోతున్నట్టు నిలబడింది. దాని ముందు పచ్చగడ్డి కుప్ప. కోసి తెచ్చిన గడ్డి. టేపక్క మోకాళ్ళ మీద కూలబడి గిట్ట పట్టుకుంది. వేడి. మడమ వెనక వేళ్ళు పెడితే నాడి సుత్తి దెబ్బల్లా తగిలింది. రెండో కాలూ అంతే.

బ్యాంకు మేడం వెదురు బుట్టతో వచ్చింది. టేపక్కను చూసి ఇబ్బందిపడి, వివరణ ఇచ్చుకుంది. నిన్న సాయంత్రంనుంచి ఇటుక నడవడానికి బద్ధకిస్తోందట. పాపం పెద్దతనం కదా, ఇన్నేళ్ళ అలసట ఇప్పుడు తెలుస్తోందనుకున్నారట. అందుకని దానికి శ్రమ లేకుండా నేస్తాలు వంతులేసుకుని గడ్డి కోసి నోటి దగ్గరికే తెచ్చి పెడుతున్నారట.

టేపక్క లేచి నిలబడింది. ఆ క్షణంలో ఆమె చెయ్యి లేచి ఉంటే ఎవరూ ఆపగలిగేవారు కాదు. లేవలేదు. మేడం చెయ్యి పట్టుకుని కిందికి లాగి, మోకాళ్ళమీద కూర్చోబెట్టి, ఆ చేతిని గిట్ట మీద ఒత్తిపెట్టింది.

"బద్ధకం కాదు. కాళ్ళు కాలిపోతున్నాయి. కదల్లేక నిలబడితే మీరు తెచ్చి మరీ తినిపించారు."

మేడం చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. టేపక్క వదల్లేదు. అలా ఎంతసేపు పట్టుకుందో గాని, మేడం ముఖంలో మెత్తదనం పూర్తిగా పోయి, ఉత్త భయం మిగిలాక వదిలింది.

డాక్టరు గంటలో వచ్చింది. చిన్నపాటి ఎక్స్‌రే పెట్టె మైదానంలోనే పెట్టి తీసింది. మాస్టారు పక్కన నిలబడ్డారు, నిటారుగా కాదు. ఎముక తిరిగింది, నాలుగు డిగ్రీలు, ఇక్కడితో ఆగితే బతుకుతుంది, రేపు ఇంకా తిరిగితే ఇక బాధపెట్టొద్దు అని చెప్పింది. మందు ఎక్కిస్తూ, మూడు రోజులుగా దీన్ని చూసిందెవరు అని అడిగింది. మాస్టారు నోరు తెరిచారు.

"నేనుండాల్సింది," అంది టేపక్క. "అలిగి ఇంట్లో కూర్చున్నా."

గిట్టలు రెండు రోజులపాటు ఐసులో ఉంచాలి, గంట కూడా వదలకూడదు అంది డాక్టరు.

మెత్తటి ఇసుక పోసిన కొట్టంలోకి ఇరవై అడుగులు నడిపించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఐసు మార్కెట్టు దగ్గర చేపల షెడ్డునుంచి గంప తెచ్చాడు, నెత్తిన గోనెపట్టా వేసుకుని, ఒక్క జోకు కూడా వెయ్యకుండా. వాడికి చెప్పాల్సిన మాట ఆ రోజు కూడా టేపక్క చెప్పలేదు గాని, తన మంచినీళ్ళ సీసా వాడికిచ్చింది. మాస్టారు వెళ్ళి గేటుకున్న బోర్డు స్వయంగా పీకేశారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చంకలో పెట్టుకుని తిరిగారు. తరవాత కొట్టం తలుపు దగ్గరికి వచ్చి, ఇక ఈ గుర్రం విషయంలో నీ మాటే మాట అన్నారు. ఆ మాట గురువారం అని ఉండాల్సింది అంది టేపక్క. ఆయన తల ఊపారు. ఆమె ఆయన వైపు తల తిప్పలేదు.

మేడం ఇంటికి పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తూనే ఉంది. నేను ప్రేమతోనే చేశానమ్మా అంటూ మొదలుపెట్టింది. ఆ వాక్యం పూర్తికాకముందే టేపక్క ఆమె చేతికి బకెట్టు ఇచ్చింది. ఐసు కరిగిన నీళ్ళు పారబోసి, కొత్త ఐసు నింపుకుని రావాలి, ప్రతి అరగంటకూ. మేడం బట్టలు మోకాళ్ళదాకా తడిశాయి. ఆమె మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. నేస్తాల్లో మిగిలినవాళ్ళు గుర్రం అలా పడి ఉండటం చూడలేమని, తమకు చాలా సున్నితమైన మనసని చెప్పి రావడం మానేశారు. ఐదో రోజున మేడం సంచిలో సగం క్యారెట్టు బయటపడింది. అలవాటమ్మా, తెలీకుండానే వేసుకున్నా అంది. టేపక్క దాన్ని అందుకుని, ఆమె ఎదుటే నిలబడి, ఇటుక కళ్ళముందే, పటపటా నమిలి మింగేసింది. మేడం ఇక మళ్ళీ సంచి తేలేదు.

ఎముక నాలుగు డిగ్రీల దగ్గరే ఆగింది. అది ప్రేమ వల్లా ప్రార్థన వల్లా ఆగలేదు. ఐసు, ఇసుక, నానబెట్టిన గడ్డి, కొలిచి ఇచ్చిన మందు, లాడాలు కొట్టేవాడు మడమ ఎత్తుచేసి బిగించిన ప్రత్యేక లాడాలు, ఇంకా కొంత అదృష్టం. పదకొండు వారాలు ఇటుక పచ్చిక మొహం చూడలేదు. ఏడో వారంనుంచి చేతితో పట్టుకుని ఇసుకలో ఐదు నిమిషాల నడక, తరవాత పది, పదిహేను. చుట్టుకొలత నూట ఎనభై రెండుకు దిగింది. పక్కటెముకలు వేలికి తగులుతున్నాయి. చూసినవాళ్ళు అయ్యో ఎంత చిక్కిపోయిందో అన్నారు, టేపక్క వాళ్ళను గేటు దాకా సాగనంపింది.

పన్నెండో వారం డాక్టరు అనుమతించింది. తెల్లవారుజామున పది నిమిషాలు మేత, చేతిలో తాడు ఉండగా, అంతే. ఇంకా సూర్యుడు రాకముందే టేపక్క ఇటుకను ముందు మైదానం అంచుకు తీసుకొచ్చింది. గుర్రం తల దించింది. పళ్ళతో గడ్డి తెంపుతున్న చప్పుడు, ముక్కులోంచి బుసలు, ఆవిరి. చెవులు పక్కకు వాల్చి, ప్రపంచంలో ఇంకేదీ లేనట్టు తింటోంది. ఆ చప్పుడు వింటూ టేపక్క తాడు కాస్త వదులు చేసింది. ఇంకో ఐదు నిమిషాలు వదిలితే ఏమవుతుందని, ఒక్క క్షణం, నిజంగానే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

పది నిమిషాలయ్యాయి. తాడు లాగింది. ఇటుక రాలేదు. మళ్ళీ లాగింది. ఇటుక తల ఎత్తకుండానే చెవులు వెనక్కి విరిచి ఆమె మోచేతిని పళ్ళతో పట్టి వదిలింది. చొక్కా చిరిగింది, చర్మం కమిలింది.

"తిట్టుకో," అంది టేపక్క. "కరుచుకో. నాతో మాట్లాడకు. పద."

భుజంతో దాని మెడను నెట్టి, తల పైకి లేపి, నోట్లో మిగిలిన గడ్డి నమలడం అయ్యేదాకా కూడా ఆగకుండా ఇసుక బాట వైపు తిప్పింది. ఇంకా పదిహేను నిమిషాల నడక ఉంది. ఇటుక మొదటి మలుపు దాకా ఈడ్చుకుంటూ వచ్చింది, తరవాత నాలుగు కాళ్ళూ సమంగా పడుతూ నడిచింది. టేపక్క దాని అడుగుల చప్పుడు వింటూ, కమిలిన మోచెయ్యి రుద్దుకుంటూ, రెండో చుట్టు మొదలుపెట్టింది.